కిటికీ పక్క సీటు

“కొత్త బస్టాండులో ఎక్కానండీ, గూడెం బస్సు. సగానికి సగం ఖాళీ. అయినా డ్రైవరు వెనకాల సీట్లో నేను కూర్చోలేదు. ఎందుకూ? ఇంజను వేడి. వెనక్కెళ్ళి కిటికీ పక్కన సర్దుకున్నాను. నా పక్కనొకావిడ, ఒళ్ళో ఇంత పనసకాయ...”

“రహీమమ్మగారూ, నేనడిగింది నా జాకెట్టు అయ్యిందా అనండీ” అన్నారు వీరరాఘవమ్మగారు.

“అదేనండీ చెబుతున్నది. గుండుగొలను దాటామా, ఆ పనసకాయావిడ నన్ను చూసి...”

వీరరాఘవమ్మగారు గుమ్మంలో ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. భీమడోలు గేటు దగ్గర బస్సాగింది. కైకరంలో పనసకాయ దిగిపోయింది. ఉంగుటూరులో ఎవరి పిల్లాడో కిటికీలోంచి చెప్పు పారేసుకున్నాడు. తాడేపల్లిగూడెంలో దిగి, కొట్లన్నీ తిరిగి, ఆ చిలకపచ్చకి సరిపడే లైనింగు గుడ్డ ఎక్కడా దొరక్క రహీమమ్మగారు తిరుగు బస్సెక్కేసరికి, ప్రయాణం చేసిన అలసటంతా వీరరాఘవమ్మగారి ముఖంలో కనిపించింది. జాకెట్టు కాలేదు. ఆ ఒక్క ముక్క కోసం మనిషిని గూడెం దాకా తీసుకెళ్ళి తీసుకొచ్చారు.

రహీమమ్మగారి సంగతి అదీ. ఏ కబురైనా సరే, బస్సెక్కకుండా ఆవిడ నోట్లోంచి బయటికి రాదు.

ఏలూరు పవర్‌పేటలో ఆవిడ టైలరింగు షాపుకీ, నా ఎస్టీడీ బూతుకీ మధ్య ఒకటే గోడ. నేను చదివింది ఇంటరు, అదీ సగం. కథ చెప్పడమంటే ఏమిటో నేను నేర్చుకున్నదంతా ఆ గోడకి ఇవతల కూర్చుని, రశీదులు కొట్టుకుంటూ విన్నదే. పాలు విరిగిపోయాయని చెప్పడానికి ఆవిడ దెందులూరు నుంచి బయల్దేరేవారు. కరెంటు ఎందుకు పోయిందంటే హనుమాన్ జంక్షన్‌లో మొదలెట్టేవారు. ఆవిడ భర్త జానీగారు మాట తక్కువ మనిషి. “పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ‘కూరేమిటి?’ అని అడిగానండీ. ఆ జవాబు ఇంకా జంక్షన్ దాటలేదు” అనేవారు నాతో రహస్యంగా.

ఆ బస్సులో ఇంకేం ఉన్నా లేకపోయినా సీటు సంగతి మాత్రం తప్పనిసరి. దొరికిందా, దొరకలేదా, దొరికితే ఏ పక్కన, ఎండ పడే వైపా, నీడ వైపా. అది తేలితేగానీ బస్సు కదిలేది కాదు.

ఇది 2003 నాటి మాట. సెల్‌ఫోనున్నవాళ్ళు దాన్ని చొక్కా జేబులో పైకి కనబడేలా పెట్టుకు తిరిగేవారు. లేనివాళ్ళందరికీ నా బూతు నంబరే దిక్కు. దుబాయి నుంచో, హైదరాబాదు నుంచో ఎవరైనా చేస్తే నేను విని ఇంటికి కబురు పంపాలి. మంచి కబురైతే నేనే వీధిలోకొచ్చి కేకేసేవాణ్ణి. చెడ్డదైతే ఆ పని నావల్ల కాదు. గోడ మీద తట్టేవాణ్ణి. రహీమమ్మగారు వచ్చి విని, మెడలో టేపు తియ్యకుండానే చెప్పులేసుకుని వెళ్ళేవారు. ఆ ఇంట్లో ఏం చెప్పేవారో, ఎలా చెప్పేవారో నాకు తెలీదు. వెనకాల వెళ్ళే ధైర్యం నాకెప్పుడూ లేదు.

ఇన్ని మాటలున్న మనిషి చేతులు ఊరుకుంటాయా? కథలు కూడా రాసేవారు. నా మిషన్లో పాడైన జిరాక్సు కాగితాలు పట్టుకెళ్ళి వాటి వెనక వైపు రాసేవారు. ఒక వైపు ఎవరిదో రేషను కార్డు, రెండో వైపు రహీమమ్మగారి బస్సు. పత్రికలకి పంపితే తిరిగొచ్చేవి. వచ్చినవి మళ్ళీ నాకు చూపించి, “పాపం, పోస్టు ఖర్చు పెట్టుకుని మరీ తిప్పి పంపారండీ” అని మెచ్చుకునేవారు.

ఆ ఏడు ఒక వారపత్రిక కథల పోటీ పెట్టింది. ఈసారి మాత్రం ఎవరికైనా చూపించి పంపుదామని రహీమమ్మగారు జోగారావుగారిని అడిగారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం కాఫీ హోటలు మేడ మీద కథల సభ నడిపేవారు. బంగారంలాంటి మనిషి, కానీ ఏదీ మెల్లగా చెయ్యలేరు. ఆయన తుమ్మితే కింద హోటల్లో కప్పులు కదిలేవి. ఆయన కథలూ అంతే. ‘ధడేల్!’ అని మొదలయ్యేవి, లేకపోతే ‘రక్తం!’ అని. అవి ఆయనకి అతికినట్టు సరిపోయేవి. తుమ్ము ఎవరిదైతే ముక్కూ వాళ్ళదే కదా.

“ఇదేమిటమ్మా!” అన్నారు జోగారావుగారు ఆదివారం సభలో కాగితాలు తిరగేసి. “చిట్టెమ్మ చచ్చిపోయిన కథలో చిట్టెమ్మ ఆరో పేజీ దాకా రాదు. ఐదు పేజీలూ బస్సే!”

“మరీ దూరమేం కాదండీ. ఏలూరు నుంచి లంక ఊరికి...”

“‘కొత్త బస్టాండులో ఎక్కానండీ.’ పాఠకుడికి ‘అండీ’ ఏమిటి?”

“నాకంటే పెద్దవాళ్ళు కూడా చదువుతారు కదండీ.”

“సరే. ‘సీటు దొరకలేదు. నిలబడే వెళ్ళాను.’ దొరికితే ఏమిటి, దొరక్కపోతే ఏమిటి? కొట్టెయ్యండి. మొదటి వాక్యంలోనే బాంబు పేలాలి. రాసుకోండి: చిట్టెమ్మ చచ్చిపోయింది! చివర ఆశ్చర్యార్థకం మర్చిపోకండి.”

రహీమమ్మగారు పెన్సిలు పట్టుకున్నారుగానీ రాయలేదు.

“అలా మీద పడి చెప్పేస్తే ఎలాగండీ? చదివేవాళ్ళు నిలబడున్నారో, కూర్చున్నారో మనకి తెలీదు కదా.”

మేడంతా నవ్వింది. నేనూ నవ్వాను. “కథలు ఎవరైనా కూర్చునే చదువుతారమ్మా!” అన్నారు జోగారావుగారు. నవ్వుతూనే తుమ్మారు. కింద కప్పులు కదిలాయి.

ఆ మర్నాటి నుంచి రహీమమ్మగారు బాంబులు తయారుచేయడం మొదలుపెట్టారు. ఏ పనైనా చేసి చూస్తేగానీ మనసుకి ఎక్కదని ఆవిడ నమ్మకం. అందుకని కాగితం మీదే కాకుండా మాటల్లో కూడా సాధన చేసేవారు. బూతు గుమ్మంలోకి వచ్చి, “పిల్లి పడిపోయింది!” అనేవారు. నేను ఉలిక్కిపడేవాణ్ణి. పిల్లి గోడ మీంచి దూకి తన దారిన తను పోయిందన్నమాట.

వీరరాఘవమ్మగారు మళ్ళీ జాకెట్టు కోసం వచ్చారు. బస్సు ప్రయాణానికి సిద్ధపడి, అలవాటు ప్రకారం స్టూలు కోసం చూసుకుంటున్నారు. ఇంకా కూర్చోలేదు.

“మీ జాకెట్టు కాలిపోయింది!” అన్నారు రహీమమ్మగారు.

వీరరాఘవమ్మగారు గోడకి జారగిలబడి అలాగే నేలమీదికి దిగిపోయారు. నేను పరిగెత్తుకెళ్ళి నీళ్ళిచ్చాను. కూతురి నిశ్చితార్థానికి దాచుకున్న పట్టుగుడ్డ అది. తీరా చూస్తే చంక కింద కందిగింజంత ఇస్త్రీ మచ్చ. ఎవరికీ కనిపించదు. రహీమమ్మగారు ఆవిడకి విసనకర్రతో విసురుతూ, “జోగారావుగారు చెప్పినట్టే చెప్పానండీ. గట్టిగా పేలిందాండీ?” అని అడిగారు.

పేలిందిగానీ రహీమమ్మగారి ముఖంలో సంతోషం లేదు. కుట్టుమిషను చప్పుడు కూడా మారిపోయింది. గడగడా సాగేది కాస్తా నాలుగు కుట్లకోసారి ఆగి ఆలోచిస్తోంది. ఒక సాయంత్రం కథ పట్టుకొచ్చి నా కౌంటరు మీద పెట్టారు.

“మూడు పేజీల్లో అయిపోయిందండీ తమ్ముడుగారూ. అంతా ఉంది. అయినా ఎవరి జాకెట్టో నేను తొడుక్కున్నట్టుంది. చంకల్లో పట్టేస్తోంది.”

“పట్టేస్తే విప్పెయ్యండి అక్కగారూ.”

“పోటీకి ఇదే కావాలంటున్నారు కదండీ. ఇన్నేళ్ళూ నేను జనాన్ని ఉత్తినే విసిగించానేమో అనిపిస్తోంది. మీరు చెప్పండి, రోజూ వినేవారు కదా. విసిగించానా?”

‘లేదు’ అందామనుకున్నాను. ‘కొంచెం’ అన్నా అబద్ధం కాదు. ఆ రెండిట్లో ఏదీ అనలేక టీ తెప్పించాను.

పోటీ గడువు శనివారం. గురువారం పొద్దున ఫోను మోగింది.

శ్రీకాకుళం నుంచి ఒక లారీ క్లీనరు. కొల్లేటి చేపల్ని ఐసులో పెట్టి హౌరా తీసుకెళ్తున్న లారీ టెక్కలి దగ్గర పల్టీ కొట్టింది. డ్రైవరు వెంకట్రాజుకి ఎడం కాలు విరిగింది. ప్రాణభయం లేదు. ఆసుపత్రిలో ఉన్నాడు. అది నిజమేనని నాకూ తెలిసింది, వెనకనుంచి వెంకట్రాజు గొంతు వినిపిస్తోంది: “టీ తెమ్మని అరగంటయ్యింది, ఎవడైనా కదుల్తాడా లేదా?”

“కైకలూరు చేపల ఆఫీసుకి కూడా చెప్పేశామండీ” అన్నాడు క్లీనరు. “గుమాస్తా యోసేపుగారు మధ్యాహ్నం బండి మీద కలిదిండి వెళ్ళి ఇంట్లో చెబుతారంట.”

ఆ మాట వినేదాకా నేను ధైర్యంగానే ఉన్నాను.

వెంకట్రాజు భార్య సీతారత్నం మా వీధి పిల్ల. రహీమమ్మగారి షాపు మెట్ల మీద గుడ్డముక్కలు ఏరుకుంటూ పెరిగింది. ఇప్పుడు ఎనిమిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు మధ్యలోనే పోయింది. బీపీ ఎక్కువగా ఉందని, ఆ గతుకుల రోడ్డు మీద పుట్టింటికి బస్సులో పంపొద్దని, ఉలికిపాటు కూడా పనికిరాదని డాక్టరు గట్టిగా చెప్పారు. ఇక యోసేపుగారి మనసు వెన్న. ఎవరు ఆసుపత్రిలో ఉన్నా ముందు బత్తాయిలు పట్టుకెళ్ళేది ఆయనే. కానీ ఆయన నోటికి తలుపుల్లేవు. ఒకసారి ఎవరి గుమ్మంలోనో నిలబడి, “మీరేనా రాంబాబుగారి తమ్ముడు? ఇహ మీరొక్కరేనండీ” అన్న మనిషి ఆయన.

గోడ తట్టాను. రహీమమ్మగారూ, సీత తల్లి మణెమ్మగారూ ఇద్దరూ వచ్చారు. విషయం విని మణెమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

“నేను వెళ్తే నా మొహం చూసే అది పడిపోద్ది. నువ్వెళ్ళు రహీమా. ఆ యోసేపు కంటే ముందెళ్ళు.”

ఎప్పుడూ ఆ మాట పూర్తయ్యేలోపే చెప్పులేసుకునే మనిషి ఆ రోజు కదల్లేదు.

“మొన్నటిదాకా అయితే వెళ్ళేదాన్నే మణెమ్మా” అన్నారు. “ఇప్పుడు నా చెప్పడం మీద నాకే నమ్మకం లేదు.”

“నీ చెప్పడానికేమొచ్చింది?”

“తప్పంట.”

మణెమ్మగారికి అర్థం కాలేదు. ఆవిడ రహీమమ్మగారి రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. చివరికి రహీమమ్మగారు నా వైపు తిరిగారు. “ఫోను విన్నది మీరు. మీరూ రండి తమ్ముడుగారూ. నేను తప్పితే మీరందుకోవాలి.” ఏ చెడ్డ కబురుకీ గడప దాటని నేను బూతు షట్టరు దించాను.

కైకలూరు బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు. నేను ఎండుచేపల బుట్టకీ, కండక్టరు మోచేతికీ మధ్య ఒంటికాలి మీద నిలబడ్డాను. రహీమమ్మగారు పై కడ్డీ పట్టుకుని వేలాడుతున్నారు. చాటపర్రు దాటినా మాట లేదు. ఆవిడ పక్కనుండగా నేను నిశ్శబ్దంగా చేసిన మొదటి ప్రయాణం అదే. నాకు భయం ఇంకా పెరిగింది.

మాదేపల్లి దగ్గర నా వైపు వంగి, “తమ్ముడుగారూ, ‘లారీ పల్టీ కొట్టింది!’ అంటే ఎలా ఉంటుందండీ?” అన్నారు.

“వద్దండీ!”

“పోనీ, ‘కాలు విరిగింది!’?”

“అక్కగారూ, దణ్ణం పెడతాను.”

“ఆశ్చర్యార్థకం తీసేస్తేనో?”

ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి, “ఎవరిదండీ కాలు?” అన్నాడు.

రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు ఎండకి మెరుస్తున్నాయి. గట్ల మీద కొంగలు తీరిగ్గా నిలబడి ఉన్నాయి. వాటిలాగే ఎడ్లగాడి వంతెన మీద గేదెల మంద కూడా తీరిగ్గా నిలబడింది. బస్సాగిపోయింది. డ్రైవరు హారను కొడుతున్నాడు, గేదెలు వింటున్నాయి, కదలడం లేదు. నా కళ్ళముందు యోసేపుగారి మోటారు సైకిలు పరిగెడుతోంది.

కైకలూరులో దిగేసరికి ఆ మోటారు సైకిలు నిజంగానే కనిపించింది. చేపల ఆఫీసు ముందు యోసేపుగారు చొక్కా చేతులు మడిచి కిక్కు కొడుతున్నారు. అది దగ్గుతోందిగానీ స్టార్టవడం లేదు. పక్కన సంచీలో బత్తాయిలు.

“ఆటో!” అని అరిచారు రహీమమ్మగారు. ఆ పూట ఆవిడ నోట్లోంచి వచ్చిన బాంబు అదొక్కటే.

సీత వాళ్ళిల్లు కలిదిండికి ఇవతల, చెరువు గట్టు పక్కనే. మేం వెళ్ళేసరికి పెరట్లో రెండు చేతులూ పైకెత్తి దండెం మీద తడి దుప్పటి ఆరేస్తోంది. అత్తగారు అచ్చమ్మగారు చేటలో బియ్యం ఏరుతున్నారు. సీత రహీమమ్మగారిని చూసి నవ్వింది. వెనకాల నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. బూతులో ఉండాల్సిన మనిషి కొల్లేరు దాటి వచ్చాడంటే ఎక్కడినుంచో ఫోనొచ్చిందని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. నాకు మాత్రం అప్పుడే తట్టింది.

“పిన్నీ!” అంది. చేతులు పైనే ఉన్నాయి.

రహీమమ్మగారు నోరు తెరిచారు. మళ్ళీ మూసేశారు. దూరంగా రోడ్డు మీద మోటారు సైకిలు చప్పుడు. ఆ క్షణంలో నాకు జోగారావుగారు, ఆయన కప్పులు, నేలమీద చతికిలబడ్డ వీరరాఘవమ్మగారు, అందరూ ఒక్కసారి కనిపించారు.

“సీతా,” అన్నారు రహీమమ్మగారు. “కొత్త బస్టాండులో ఎక్కానమ్మా.”

నాకు ఊపిరొచ్చింది. సీతకి రాలేదు. దుప్పటి అంచు పిడికిట్లో బిగించి, పెదాలు కదిలీ కదలకుండా అడిగింది:

“సీటు దొరికిందా పిన్నీ?”

“దొరికిందమ్మా. కిటికీ పక్కనే. ఎండ కూడా అటు లేదు.”

సీత చేతులు కిందికి దిగాయి. నడుం పట్టుకుని నెమ్మదిగా వచ్చి నవారు మంచం మీద కూర్చుంది. అత్తగారి వైపు తిరిగి, “కంగారేం లేదత్తయ్యా. సీటు దొరికింది” అంది.

అచ్చమ్మగారు నా వైపు చూశారు. నేను, ఏలూరు నుంచి కైకలూరు దాకా మోసుకొచ్చిన నా ఒంటికాలి వైపు చూసుకున్నాను.

“చెయ్యిలా తే. జాకెట్టు చేతులు వదులు చెయ్యాలి, కొలత తీసుకుంటాను” అంటూ రహీమమ్మగారు పక్కన కూర్చుని సీత ముంజేతికి టేపు చుట్టారు. బొటనవేలు మణికట్టు మీద ఆనించారు. ఇక అది తియ్యలేదు. బస్సు బయల్దేరింది.

చాటపర్రు దాటాక బస్సులో ఎవరో లారీల మాటెత్తారు. మాదేపల్లి దగ్గర, వాన పడితే తారు రోడ్డు ఎంత జారుతుందో వచ్చింది. అక్కడ బస్సాపి రహీమమ్మగారు మజ్జిగ అడిగారు. అచ్చమ్మగారు తెచ్చిస్తే తాను తాగకుండా సీత చేత తాగించారు. బొటనవేలి కింద ఏం తెలిసేదో ఏమో, ఒక్కోసారి బస్సు మెల్లగా వెళ్ళేది. ఒక్కోసారి ఊరికే ఆగి, బియ్యం ఏ రకం, కిలో ఎంత అని కబుర్లలో పడేది. మళ్ళీ కదిలేది. చేట పక్కన పెట్టి అచ్చమ్మగారు కూడా బస్సెక్కేశారు.

ఎడ్లగాడి వంతెన వస్తుండగా దడి దగ్గర మోటారు సైకిలు ఆగింది. యోసేపుగారు స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా, బత్తాయిల సంచీతో వేగంగా లోపలికొచ్చారు.

“ఏమ్మా, వెంకట్రాజు భార్యవి నువ్వేనా? మీ ఆయన...”

“యోసేపుగారూ!” అన్నారు రహీమమ్మగారు. “వంతెన మీద అడ్డంగా నిలబడతారేవిటండీ? వెనకాల బస్సొస్తోంది, పక్కకి రండి!”

యోసేపుగారు వెనక్కి చూసి, నిజంగానే పక్కకి జరిగారు.

“అరుగు మీద కూర్చోండి. ఇప్పుడు ఆ గేదెలున్నాయి చూశారూ, మంద మంద. డ్రైవరు హారను కొడుతున్నాడు. కదిలితేనా!”

యోసేపుగారు కూర్చున్నారు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. నేను ఆయన నోటివైపే చూస్తున్నాను. అది తెరిచే ఉంది, కానీ అందులోంచి ఏం రావడం లేదు. కాసేపటికి, “గేదెలు కదిలాయాండీ?” అని అడిగింది ఆయనే.

గేదెలు కదిలాయి. బస్సు ఆటపాక చేరింది. అక్కడ సీత తనంతట తనే అడిగింది.

“కాలా, చెయ్యా పిన్నీ?”

“కాలమ్మా. ఎడంది.”

“మాట్లాడుతున్నారా?”

“తమ్ముడుగారూ, మీరు విన్నది చెప్పండి.”

“టీ తెమ్మని అరగంటయ్యిందట, ఎవరూ కదలడం లేదని అరుస్తున్నారమ్మా” అన్నాను.

సీత ఫక్కున నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా నవ్వింది. “అయితే బాగానే ఉన్నారు. పంచదార ఎక్కువెయ్యమన్నారా?”

రహీమమ్మగారు మణికట్టు మీంచి బొటనవేలు తీశారు. “కొలత సరిపోయిందమ్మా” అన్నారు.

“నేను చెబ్దామనుకున్నదీ అదేనండీ” అన్నారు యోసేపుగారు. బత్తాయి ఒలిచి సీత చేతిలో పెట్టారు. మర్నాడు అచ్చమ్మగారిని తన బండి మీద కైకలూరు తీసుకెళ్ళి తనే కొడుకు దగ్గరికి రైలెక్కిస్తానని కూడా అన్నారు. ఆయన బండి సంగతి తెలిసి ఆటోలో వెళ్తానన్నారావిడ.

తిరుగు బస్సులో మాకు నిజంగానే సీటు దొరికింది. కిటికీ పక్కన ఆవిడ, ఇవతల నేను.

“అక్కగారూ, పొద్దున మనకి సీటు దొరకలేదు కదండీ.”

“దొరకలేదండీ.”

“మరి దొరికిందని చెప్పారు.”

రహీమమ్మగారు నన్ను జాలిగా చూశారు. “పక్కనే ఉంటారు, రోజూ వింటారు, మీకు తెలీదాండీ? మన వీధి ఆడవాళ్ళందరికీ తెలుసే. సీటు దొరికిందంటే మనిషి ఉన్నాడని. మిగతాదంతా నిదానంగా వింటారు.”

“దొరకలేదంటే?”

ఆవిడ చెరువుల వైపు తిరిగారు. “పొయ్యి మీదున్నది దించుకుంటారండీ. చంకలో పిల్లని ఎవరికైనా అందిస్తారు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే కూర్చుంటారు. నేను ఊరు చేరేసరికి వాళ్ళే తయారవుతారు. జరిగింది నేను మార్చలేను కదండీ. బస్సు మెల్లగా నడపగలను, అంతే.”

ఏలూరు దగ్గరపడుతుంటే నాకొక అనుమానం వచ్చింది.

“మరి వీరరాఘవమ్మగారి లైనింగు గుడ్డకి కూడా అంత బస్సెందుకండీ?”

“కబురు చిన్నదో పెద్దదో వినేవాళ్ళకి తెలియాలండీ, నాకు కాదు. అందుకే అప్పుడు కిటికీ పక్క సీటు దొరికిందన్నాను. ఆవిడ విసుక్కున్నారుగానీ కంగారు పడ్డారా?”

మర్నాడు పొద్దున్నే కలిదిండి నుంచి ఫోను. డాక్టరు చూశారు, బీపీ పెరగలేదు, లోపల బిడ్డ బాగా తన్నుతోంది. ఈ కబురు నేనే వీధిలోకొచ్చి కేకేశాను. మణెమ్మగారు గుమ్మంలో నిలబడే విన్నారు.

షాపులోకి వెళ్తే రహీమమ్మగారు రాత్రి కుట్టిన మనిషిలా లేరు, రాసిన మనిషిలా ఉన్నారు. వేళ్ళ నిండా సిరా. బాంబు కథ మొదటి పేజీ బల్ల మీద ఉంది. దాన్ని జాకెట్టు మెడ ఆకారంలో కత్తిరించి నమూనాగా వాడుతున్నారు. కుట్టుమిషను మళ్ళీ గడగడా సాగుతోంది. కొత్త కాగితాల కట్ట నా చేతిలో పెట్టారు. లావుగానే ఉంది. వెనక వైపు ఎవరిదో కరెంటు బిల్లు. తిప్పి మొదటి వాక్యాలు చదివాను.

‘కొత్త బస్టాండులో ఎక్కానండీ. సీటు దొరకలేదు. నిలబడే వెళ్ళాను.’

మేడ మీద విన్నప్పుడు నవ్వొచ్చిన మాటలే. ఈసారి నవ్వు రాలేదు. కాలితో తడుముకుని స్టూలు లాక్కుని కూర్చున్నాను.

మిషను ఆగింది. “పేలిందాండీ?” అన్నారు రహీమమ్మగారు.

నేను తల ఊపాను.

“అయితే లేవండి మరి, కూర్చున్నారేవిటి? ముందు పోస్టాఫీసుకి. అక్కణ్ణించి జోగారావుగారింటికి. ఆయన చెప్పిన బాంబు తీసేశానని మీరే చెప్పాలి. నేనంటే అభిమానం ఆయనకి. హోటల్లో అందరికీ ఆ బాంబు సంగతి చెప్పుకున్నారంట కూడాను. పైగా ఆయనకీ బీపీయే. గుమ్మంలో నిలబెట్టి మీరు ఒక్కసారే అనేస్తారేమో. పోస్టాఫీసు ముందు రిక్షా ఎక్కిన కాణ్ణించి మొదలెట్టండి.”

“రిక్షాలో సీటు దొరకడం, దొరక్కపోవడం ఏమిటండీ?”

“అవన్నీ మీకెందుకండీ తమ్ముడుగారూ? వెళ్ళగానే ముందు సీటు దొరికిందని చెప్పండి. మిగతాది ఆయన కూర్చున్నాక చెబుదురుగాని.”